ఇంప్లాంట్ చుట్టూ చీము, ఎముక కరగడం: క్లీనింగ్ చాలా, సర్జరీ కావాలా, తీసేయాలా?

పంటి ఇంప్లాంట్ (పోయిన పన్ను చోట దవడ ఎముకలో స్క్రూలా బిగించి, పైన క్యాప్ పెట్టేది) పెట్టించుకుని ఐదారేళ్ళు నిక్షేపంగా నమిలేసిన మనిషికి ఒకరోజు బ్రష్ చేస్తుంటే సరిగ్గా అక్కడే రక్తం కనిపిస్తుంది. ఇంకొన్నాళ్ళకి చిగురు మీద వేలేసి నొక్కితే తెల్లగా చీము చుక్క వస్తుంది, నొప్పి మాత్రం ఉండదు, నొప్పి లేదు కదా అని ఇంకో ఏడాది అలాగే నెట్టుకొచ్చేస్తారు. చివరికి చూపించుకుందామని ముగ్గురి దగ్గరికి వెళ్తే ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు. ఒకాయన లేజర్‌తో క్లీన్ చేసేద్దాం అంటారు, ఇంకొకరు చిగురు ఓపెన్ చేసి బోన్ పౌడర్ వేయాలంటారు, మూడో ఆయన ఇది పనికిరాదు, తీసేసి కొత్తది వేద్దాం అంటారు. మూడిటికీ ఖర్చు వేరు, బాధ వేరు, ఫలితం వేరు. అందులో మీకు ఏది సరిపోతుందో తేల్చుకోడానికే ఇదంతా రాస్తున్నా. నేను చిగుళ్ళ డాక్టర్ని, రోజూ ఇవే కేసులు చూస్తుంటా కాబట్టి కొన్నిచోట్ల నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది, ఏమనుకోకండి.

ముందే ఒక మాట చెప్పేస్తా. ట్రీట్‌మెంట్ పేరు చూసి ఎంచుకోకండి. లేజరా, బోన్ పౌడరా, పీఆర్‌ఎఫ్ అనే ఇంకోటా అన్నది తర్వాత సంగతి. ఎముక ఎంత పోయింది, ఏ ఆకారంలో పోయింది, ట్రీట్‌మెంట్ అయ్యాక ఆ చోటికి మీ బ్రష్ వెళ్తుందా లేదా, ఈ మూడూ తెలిస్తే సగం నిర్ణయం దానంతటదే అయిపోతుంది.

చిగురు వరకేనా, ఎముక దాకా వెళ్ళిందా

చిగురు మాత్రమే ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే రక్తం వస్తూ, ఎక్స్‌రేలో ఎముక మాత్రం మొదట్లో ఎక్కడుందో అక్కడే ఉంటే దాన్ని పెరి ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు. ఎముక కూడా దిగిపోతే పెరి ఇంప్లాంటైటిస్. మొదటిది శుభ్రం చేస్తే మళ్ళీ మామూలు అవుతుంది, రెండోదాంట్లో పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే పెద్ద పని. ఇదేదో మనకొక్కరికే వచ్చిన ఖర్మ అనుకోకండి, అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని కలిపి చూసిన 2015 రివ్యూ ఒకదాంట్లో ఇంప్లాంట్లు ఉన్నవాళ్ళలో మొదటి రకం సగటున 43 శాతం మందికి, రెండో రకం 22 శాతం మందికి ఉన్నట్టు లెక్క తేలింది. అంటే ఎముక దాకా వెళ్ళినవాళ్ళే అయిదుగురిలో ఒకరు.

మీకు ఏది వచ్చిందో తేల్చడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. గీతలున్న సన్నటి ప్రోబ్‌ని ఇంప్లాంట్ చుట్టూ ఆరు చోట్ల మెల్లగా దించి చూడాలి. ఇంప్లాంట్‌ని ప్రోబ్ చేయకూడదని కొంతమంది డాక్టర్లకి పాత భయం ఒకటి ఉంది, 25 గ్రాముల బరువు పెట్టినంత లైట్‌గా చేస్తే ఏమీ కాదు, చేయకపోతేనే నష్టం. ఆ తర్వాత చిన్న ఎక్స్‌రే, అదే క్లినిక్కుల్లో ఆర్‌వీజీ అంటారు చూడండి, అది. ఇంప్లాంట్ వేసినప్పటి ఎక్స్‌రే మీ దగ్గరుంటే దానితో పోల్చాలి. క్యాప్ పెట్టిన మొదటి ఏడాదిలో ఎముక కొంచెం సర్దుకోవడం మామూలే, ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటే అది జబ్బు. పాత ఎక్స్‌రే లేకపోతే మాత్రం 2017లో ప్రపంచంలోని చిగుళ్ళ నిపుణులు కూర్చుని ఒప్పుకున్న కొలత ఒకటుంది: ప్రోబ్ 6 మి.మీ. లేదా అంతకంటే లోతుకి దిగడం, రక్తమో చీమో రావడం, ఎముక 3 మి.మీ. లేదా అంతకంటే కిందికి పోవడం, ఇవన్నీ కలిసి ఉంటే పెరి ఇంప్లాంటైటిస్ కింద లెక్క.

ఆ ఆర్‌వీజీ సరిగ్గా తీశారా లేదా మీరే చూసి చెప్పొచ్చు. ఇంప్లాంట్‌కి స్క్రూలా మరలు ఉంటాయి కదా, అవి రెండు వైపులా స్పష్టంగా విడివిడిగా కనపడాలి. మసగ్గా ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉంటే యాంగిల్ తేడాగా తీశారన్నమాట, మళ్ళీ తీయమని మొహమాటం లేకుండా అడగండి, ఎందుకంటే ఎముక ఎన్ని మరలు దిగిందో లెక్కపెట్టేది అక్కడే. రెండు మరలు బయటపడ్డాయా, సగం ఇంప్లాంట్ బయటపడిందా అన్నది చూస్తేనే మిగతా కథంతా. మొత్తం దవడకి తీసే ఓపీజీ ఒక్కటే చూసి సర్జరీ చెప్పేస్తే నేనైతే ఒప్పుకోను. దవడని త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్‌లో బుగ్గ వైపు ఎముక గోడ ఉందో పోయిందో తెలుస్తుంది, ఆర్‌వీజీలో అది కనపడదు, కాకపోతే మెటల్ చుట్టూ నల్లటి నీడలు పడి లేని నష్టం కూడా ఉన్నట్టు అనిపిస్తుంది కాబట్టి సర్జరీ అనుకున్నప్పుడు తీయించుకుంటే చాలు, ప్రతిసారీ వద్దు.

ఇంకో సంగతి, చాలామంది "డాక్టర్ గారూ, ఇంప్లాంట్ ఊగుతోందండీ, ఇంక తీసేయాలేమో" అని కంగారుగా వస్తారు. చాలాసార్లు ఊగేది ఇంప్లాంట్ కాదు, లోపల క్యాప్‌ని పట్టుకునే స్క్రూ లూజ్ అయ్యుంటుంది. దాన్ని బిగిస్తే అయిపోతుంది, పావుగంట పని. అదే క్యాప్ విప్పి చూశాక ఎముకలో ఉన్న ఇంప్లాంటే కదిలితే మాత్రం ఎముకతో దాని బంధం తెగిపోయినట్టే, అప్పుడు ఎంత ఖరీదైన ట్రీట్‌మెంట్ చేసినా దండగ. ఈ రెండిటికీ తేడా చూడకుండా తీసేద్దాం అన్నా, తీయకుండా లేజర్ పెడదాం అన్నా రెండూ తప్పే.

కారణం తీయకుండా ఏ ట్రీట్‌మెంటూ నిలవదు

క్యాప్‌ని సిమెంట్‌తో అతికించి ఉంటే అనుమానం మొదట దాని మీదికే వెళ్ళాలి. అతికించేటప్పుడు పక్కకి పొంగిన సిమెంట్ చిగురు లోపలికి జారి గట్టిపడిపోతుంది, దాని మీద పాచి చేరుతుంది, అక్కణ్ణించి వాపు. 2009లో ఎండోస్కోప్ పెట్టి చూసిన ఒక స్టడీలో జబ్బు కనిపించిన ఇంప్లాంట్లలో 81 శాతం చోట్ల మిగిలిపోయిన సిమెంట్ దొరికింది, దాన్ని తీసేశాక వాటిలో 74 శాతం చోట్ల జబ్బు లక్షణాలు పోయాయి. నాకు బాగా గుర్తున్న ఒక రిటైర్డ్ టీచర్ గారి కేసులో వేరేచోట బోన్ గ్రాఫ్ట్ (అంటే బోన్ పౌడర్ వేయడం) చేయాలని ఎస్టిమేట్ కూడా ఇచ్చేశారు, నేను మత్తిచ్చి క్యురెట్ అనే గీకే పరికరంతో చిగురు కింద మెల్లగా గీస్తుంటే టక్‌మని శబ్దం వచ్చి గోధుమ గింజలో సగం ఉన్న పసుపుపచ్చ పెచ్చు ఒకటి ఊడి గాజ్ మీద పడింది, ఆవిడ దాన్ని వేళ్ళతో నలిపి చూసి "ఇది గారేనా అండీ" అని అడిగారు. గార కాదు, సిమెంటు. మూడు నెలలకి చీము ఆగింది, గ్రాఫ్ట్ అవసరం పడలేదు. అందరికీ ఇలా జరుగుతుందని కాదు, కానీ కత్తి పట్టే ముందు ఇది వెతకాలి.

తర్వాత అనుమానం క్యాప్ ఆకారం మీద. కొన్ని క్యాపులు లావుగా, చిగురు మీద పొట్ట వేలాడేసినట్టు ఉంటాయి, బ్రష్ కిందికి వెళ్ళే దారే ఉండదు. ఇలాంటి క్యాప్ ఉన్నంతకాలం పది వేలు పెట్టినా లక్ష పెట్టినా ఫలితం అంతే. క్యాప్ తీసి చెక్కించుకోవడమో మార్చుకోవడమో చేయాలి. ఇక సొంత పళ్ళకి చిగుళ్ళ జబ్బు ఉంటే ముందు దాని సంగతి చూడాలి, ఆ పళ్ళ నుంచే బాక్టీరియా ఇటు వస్తుంది. షుగర్ కంట్రోల్‌లో లేకపోవడం, సిగరెట్, బీడీ, చుట్ట ఇవన్నీ తెలిసినవే. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దావిడలు కొందరు ఇప్పటికీ అడ్డపొగ (నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట) తాగుతారు, పిల్లల ముందు డాక్టర్‌కి చెప్పరు, తీసుకొచ్చిన కొడుకులూ కోడళ్ళూ ఆ ఒక్క విషయం పక్కకి పిలిచి చెప్పండి, ట్రీట్‌మెంట్ ప్లానే మారిపోతుంది.

కోయకుండా చేసే క్లీనింగ్

ఎవరికైనా మొదటి మెట్టు ఇదే, ఎముక పోయినా సరే. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిగురు కింద ఇంప్లాంట్ మీదున్న పాచీ గారా తీస్తారు. మామూలు పళ్ళకి వాడే స్టీల్ పరికరాలతో గీకితే టైటానియం మీద గీతలు పడతాయి, అందుకని టైటానియం క్యురెట్లు, ప్లాస్టిక్ లాంటి కొన ఉన్న అల్ట్రాసోనిక్ టిప్పులు, కొన్నిచోట్ల గ్లైసిన్ లేదా ఎరిథ్రిటాల్ పౌడర్‌ని గాలితో కొట్టే మిషన్ వాడతారు. మీ క్లినిక్‌లో ఏది వాడతారో అడగడంలో తప్పు లేదు. పౌడర్ మిషన్ ఉంటే సుఖంగా ఉంటుంది, నొప్పి తక్కువ, అంతమాత్రాన అది లేని క్లినిక్ పనికిరాదని కాదు, మామూలు పరికరాలతో ఓపిగ్గా చేసినా ఫలితంలో పెద్ద తేడా ఉండట్లేదు.

చిగురు వరకే ఉన్నవాళ్ళకి ఇదీ, ఇంట్లో సరైన బ్రషింగూ, ఈ రెండూ చాలు. దానికి సర్జరీ చెప్పారంటే ఇంకో ఒపీనియన్ తీసుకోండి. ఎముక పోయినవాళ్ళకి మాత్రం దీని బలం పరిమితమే అని ముందే తెలుసుకోవాలి. మరల మధ్య గరుకు పైపూత మీద అతుక్కున్న పాచి కళ్ళకి కనపడకుండా చిగురు కింద తడుముకుంటూ తీసేది కదా, మొత్తం రాదు. పాకెట్, అంటే చిగురుకీ ఇంప్లాంట్‌కీ మధ్య ప్రోబ్ దిగే సందు, 6 మి.మీ. దాకా ఉంటే ఆశ ఉంది, 8, 9 ఉంటే ఇదొక్కటే సరిపోవడం అరుదు. అయినా ముందు ఇదే ఎందుకు చేయించుకోవాలంటే వాపు తగ్గి చిగురు గట్టిపడితే తర్వాత సర్జరీ చేసినా శుభ్రంగా జరుగుతుంది, పైగా ఈ కొన్ని వారాల్లో మీరు ఇంట్లో ఎంత శ్రద్ధగా క్లీన్ చేసుకుంటారో కూడా తేలిపోతుంది. యూరప్ చిగుళ్ళ డాక్టర్ల సమాఖ్య యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ పీరియోడాంటాలజీ 2023లో ఇచ్చిన గైడ్‌లైన్ ప్రకారం 6 నుంచి 12 వారాల తర్వాత మళ్ళీ కొలవాలి. పాకెట్ 5 మి.మీ. లోపు, రక్తం ఒక చోటికి మించి రాకుండా, చీము అసలు లేకుండా ఉంటే గెలిచినట్టు, అక్కడితో ఆగొచ్చు. అలా లేకపోతే సర్జరీ గురించి మాట్లాడాలి. ఈ రీచెక్ లేకుండా మొదటి రోజే సర్జరీ డేట్ ఇచ్చేస్తే ఎందుకండీ అంత తొందర అని అడగండి.

యాంటీబయాటిక్, లేజర్, పీఆర్‌ఎఫ్: పక్కవాయిద్యాలు

మన దగ్గర జరిగేది ఏంటంటే వాపు రాగానే మెడికల్ షాపుకి వెళ్ళి "పంటి వాపుకి ఏదైనా ఇవ్వు బాబూ" అని అయిదు రోజుల కోర్స్ తెచ్చుకుంటారు, అదీ మూడో రోజుకి ఆపేస్తారు, వాపు తగ్గుతుంది, రెండు నెలలకి మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే మాత్ర. ఇలా మూడు నాలుగుసార్లు అయ్యేసరికి అటు ఎముక ఇంకో రెండు మరలు దిగిపోయుంటుంది. ఇంప్లాంట్ మీద పేరుకున్న పాచి పొరలోకి మాత్ర సరిగ్గా వెళ్ళదు, దాన్ని చేత్తో తీయాల్సిందే. క్లీనింగ్‌తో పాటు అలవాటుగా యాంటీబయాటిక్స్ రాయొద్దని అదే 2023 గైడ్‌లైన్ చెప్తోంది. మొహం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరుచుకోకపోతే అది వేరే విషయం, అప్పుడు మాత్ర కావాలి, వెంటనే డాక్టర్ కూడా కావాలి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఆ రోజుల్లో మద్యం ముట్టుకోవద్దు, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.

లేజర్ సంగతికొస్తే, నేను దానికి వ్యతిరేకిని కాదు, కానీ బోర్డుల మీద రాసుకున్నంత లేదు. మామూలు క్లీనింగ్‌తో పోలిస్తే లేజర్ కలిపినందుకు చెప్పుకోదగ్గ లాభం ఉందని గట్టి ఆధారం లేదు, రంగు మందు వేసి లైట్ కొట్టే ఫోటోడైనమిక్ పద్ధతికీ అంతే. క్లినిక్‌లో ఉంది, ఎక్స్‌ట్రా చార్జ్ చేయట్లేదు అంటే చేయించుకోండి. లేజర్ ఒక్కదానికే ఇంప్లాంట్ ధరలో సగం అడుగుతున్నారంటే ఆ డబ్బు సర్జరీకో క్యాప్ మార్చడానికో దాచుకోండి. పీఆర్‌ఎఫ్ అంటే మీ రక్తమే కొంచెం తీసి మిషన్‌లో తిప్పి వచ్చిన జిగురు పొరని గాయంలో పెడతారు, దానివల్ల నష్టం పెద్దగా ఉండదు, చిగురు మానడానికి పనికొస్తుందేమో గానీ దానివల్లే ఎముక పెరుగుతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాల వరకు ఓకే, ఆ తర్వాత కూడా పుక్కిలిస్తూ పోతే పళ్ళ మీద గోధుమరంగు మరకలూ నాలుక మీద రుచి తేడా తప్ప ఇంకేం మిగలదు.

చిగురు తెరిచి చేసే సర్జరీ: మూడు రకాలు, మూడు రకాల ఎముకకి

ఇక్కడే ఎక్కువ కన్‌ఫ్యూజన్ కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. సర్జరీ అనగానే జనం భయపడతారు గానీ ఇది లోకల్ మత్తు మీద గంట గంటన్నరలో అయిపోయే పని, కుట్లు వేస్తారు, మూడు నాలుగు రోజులు వాపు, పది పదిహేను రోజులకి కుట్లు విప్పడం.

మామూలు ఫ్లాప్ సర్జరీలో చిగురు తెరిచి, ఇంప్లాంట్ చుట్టూ పెరిగిన ఎర్రటి మాంసం తీసేసి, కళ్ళతో చూస్తూ మరల మధ్య శుభ్రం చేసి మళ్ళీ కుట్టేస్తారు. చిన్న టైటానియం బ్రష్షులు డ్రిల్‌కి తగిలించి తిప్పుతూ కూడా క్లీన్ చేస్తారు. దీనివల్ల అసలు లాభం చూపు, కోయకుండా చేసినప్పుడు అందని చోటు ఇప్పుడు అందుతుంది. ఎముక అన్ని వైపులా సమానంగా, చదునుగా దిగిపోయినవాళ్ళకి, వెనక పళ్ళ దగ్గర, చిగురు కొంచెం కిందికి జరిగినా అందం సమస్య కానివాళ్ళకి ఇది మంచి ఎంపిక. దీనితో పాటే అవసరాన్ని బట్టి చిగురుని కిందికి దించి కుట్టి పాకెట్ లోతు తగ్గిస్తారు, బయటపడ్డ మరల్ని నున్నగా అరగదీస్తారు, దాన్ని ఇంప్లాంటోప్లాస్టీ అంటారు. నున్నగా ఉంటే పాచి తక్కువ పడుతుంది, బ్రష్ ఈజీగా తిరుగుతుంది. సన్నటి ఇంప్లాంట్లకి ఇది చేస్తే బలం తగ్గి విరిగే ప్రమాదం ఉంది, అలాగే ముందు పళ్ళలో చేస్తే బూడిద రంగు మెటల్ బయటికి కనపడుతుంది, నవ్వినప్పుడు చిగురు కనిపించే ఆడవాళ్ళకి నేను అసలు సలహా ఇవ్వను.

బోన్ గ్రాఫ్ట్ అందరూ అడిగేది. ఎముక పోయింది, ఎముక పౌడర్ వేస్తే మళ్ళీ వచ్చేస్తుంది అనుకోవడం సహజం. అది ఎక్కడ పనిచేస్తుందంటే ఇంప్లాంట్ చుట్టూ గుంట పడి, ఆ గుంటకి మూడు వైపులో నాలుగు వైపులో ఎముక గోడలు నిలిచి ఉన్నచోట. గోడలు కూడా పోయి చదునుగా ఉన్నచోట పౌడర్ వేయడం అంటే పిట్టగోడ లేని డాబా మీద ఇసుక పోసినట్టే, నిలబడదు. ఆర్‌వీజీలో ఇంప్లాంట్‌కి రెండు వైపులా వి ఆకారంలో నల్లగా గుంటలు కనపడితే గ్రాఫ్ట్ గురించి మాట్లాడొచ్చు, అడ్డంగా గీత గీసినట్టు సమంగా దిగిపోతే వద్దు.

మరి గోడలు ఉన్నచోటైనా గ్రాఫ్ట్ వేస్తే మామూలు సర్జరీ కంటే ఎంత మేలు? 2022లో వచ్చిన ఒక మంచి స్టడీలో 138 మందిని రెండు భాగాలు చేసి ఒకళ్ళకి ఉత్త ఫ్లాప్ సర్జరీ, ఇంకొకళ్ళకి ఫ్లాప్‌తో పాటు బోన్ పౌడర్ వేశారు, ఏడాది తర్వాత చూస్తే పాకెట్ లోతు తగ్గడంలో, రక్తం ఆగడంలో రెండు గ్రూపులకీ తేడా లేదు, చిగురు కిందికి జరగడం మాత్రం పౌడర్ వేసినవాళ్ళలో తక్కువ. అంటే నా లెక్కలో గ్రాఫ్ట్ అనేది జబ్బుని తగ్గించే మందు కాదు, చిగురు ఎత్తు కాపాడే ఏర్పాటు. ముందు పళ్ళయితే ఆ ఖర్చుకి అర్థం ఉంది. వెనక దవడ పన్నుకి, అదీ నోరు బాగా తెరిస్తే తప్ప కనపడనిదానికి, ఎక్స్‌రేలో తెల్లగా నిండినట్టు కనపడుతుందన్న తృప్తి కోసం అంత ఖర్చు పెట్టాలా అని ఆలోచించండి. ఆ తెల్లగా కనపడేది చాలావరకు వేసిన పౌడరే, ఇంప్లాంట్‌కి కొత్త ఎముక అతుక్కుందని అది సాక్ష్యం కాదు.

ఇంకో విషయం, దీన్ని మన దగ్గర అడగాల్సినంతమంది అడగరు. బాగా వాడే బోన్ పౌడర్ ఆవు జాతి పశువుల ఎముకతో తయారయ్యేది, బయో ఆస్ అలాంటిదే, దాని మీద కప్పే బయో గైడ్ మెంబ్రేన్ పంది కొలాజెన్‌తో చేసేది. వాటిని బాగా శుద్ధి చేసే వాడతారు, వైద్యపరంగా ఇబ్బంది లేదు. కానీ ఆచారం, మతం, శాకాహారం పట్టింపు ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి, హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌తో చేసిన సింథటిక్ పౌడర్లు ఉన్నాయి, దాతలు ఇచ్చిన మనిషి ఎముకతో చేసినవీ ఉన్నాయి, మెంబ్రేన్‌లో కూడా వేరేవి దొరుకుతాయి. సర్జరీ అయ్యాక బిల్లు మీద పేరు చూసి నెట్‌లో వెతికి బాధపడేకంటే ముందే ఒక్క మాట అడిగితే సరిపోతుంది, ఏ డాక్టరూ ఏమీ అనుకోరు.

ఇంప్లాంట్ చుట్టూ గట్టి చిగురు లేక బుగ్గ చర్మంలా మెత్తగా కదిలే చర్మమే ఉంటే బ్రష్ తగిలితే మండుతుంది, మండుతుందని అక్కడ బ్రష్ చేయరు, చేయకపోతే మళ్ళీ పాచి. అలాంటివాళ్ళకి అంగిలి నుంచి చిన్న ముక్క తీసి అక్కడ అతికించే గమ్ గ్రాఫ్ట్ పనికొస్తుంది, బోన్ గ్రాఫ్ట్ కంటే దీని అవసరమే ఎక్కువమందికి ఉంటుందని నాకనిపిస్తుంది.

సర్జరీ ఫలితం మీద మాత్రం ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. స్వీడన్‌లో 100 మంది మీద చేసి 2016లో ప్రచురించిన స్టడీలో బాగా ముదిరిన కేసులకి సర్జరీ చేస్తే ఏడాదికి పూర్తి విజయం అనుకోదగ్గవి 45 శాతం ఇంప్లాంట్లే. నున్నటి ఇంప్లాంట్లలో ఫలితం బాగుంది, గరుకు పైపూత ఉన్నవాటిలో తగ్గింది, ఇప్పుడు మార్కెట్‌లో ఉన్నవి దాదాపు అన్నీ గరుకువే. విజయం కిందికి రాకపోయినా జబ్బు నెమ్మదించి ఇంకొన్నేళ్ళు పన్ను నిలబడినవాళ్ళు చాలామంది ఉంటారు, అదీ చిన్న విషయం కాదు.

తీసేయడం ఎప్పుడు నయం

ఇంప్లాంటే కదులుతుంటే చర్చ లేదు, తీసేయాలి. విరిగినా అంతే. ఎముక సగం పొడవు దాటి పోయి గోడలు కూడా లేకపోతే, ఇంప్లాంట్ అసలు తప్పు యాంగిల్‌లో పడి ఏ క్యాప్ పెట్టినా క్లీన్ చేయలేని పరిస్థితి ఉంటే, ఒకసారి సర్జరీ చేసినా ఏడాది తిరక్కుండా చీము మళ్ళీ వస్తుంటే, ఇలాంటప్పుడు తీసేయడం ఓటమేం కాదు. పట్టుకుని వేలాడితే పక్క పన్ను ఎముక కూడా పోతుంది, తర్వాత కొత్తది వేద్దామన్నా చోటు మిగలదు. చాలా ఇంప్లాంట్లని రివర్స్‌లో తిప్పే ప్రత్యేకమైన కిట్‌తో వెనక్కి మరతిప్పి తీసేయొచ్చు, ఎముక పెద్దగా పోదు, అది కుదరనప్పుడే చుట్టూ ఎముక కోసి తీస్తారు. మీ డాక్టర్ దగ్గర ఆ కిట్ ఉందా అని అడగండి, ఈ ఒక్క ప్రశ్న మీకు చాలా ఎముక మిగుల్చుతుంది.

తీసిన వెంటనే కొత్తది పెట్టేస్తాం అనే ఆఫర్‌కి తొందరగా ఊ కొట్టకండి. చీము ఉన్న చోటు మానాలి, ఎముక నిండాలి, దానికి నెలలు పడుతుంది. రెండోసారి వేసిన ఇంప్లాంట్ నిలిచే అవకాశం మొదటిదానికంటే తక్కువ, మొదటిది పోవడానికి ఏ కారణమో అది అలాగే ఉంటే ఇంకా తక్కువ. పక్క పళ్ళకి ఇప్పటికే క్యాపులు ఉంటే బ్రిడ్జ్ వేసుకోవచ్చు, చివరి పన్నయితే ఖాళీగా వదిలేసినా కొంతమందికి ఏ ఇబ్బందీ ఉండదు. మరీ ముఖ్యంగా 75 దాటిన పెద్దవాళ్ళకి మూడు సర్జరీల ప్లాన్ చెప్పినప్పుడు ఇంట్లోవాళ్ళు ఇది ఆలోచించండి, ఆయనకి కావాల్సింది అన్నం సుఖంగా తినడం, ఎక్స్‌రేలో ఎముక కాదు.

1965లో స్వీడన్‌లో బ్రోనమార్క్ అనే ఆయన మొదటి పేషెంట్‌కి టైటానియం ఇంప్లాంట్లు వేస్తే ఆ పేషెంట్ 2006లో చనిపోయేదాకా అవి పనిచేశాయి, నిజమే. అది చూపించి లైఫ్‌టైమ్ గ్యారంటీ అని అమ్మేవాళ్ళు చాలామంది. ఆ గ్యారంటీ కాగితం చదవండి, చాలావాటిలో కంపెనీ ఇచ్చేది ఇంకో ఇంప్లాంట్ ముక్క మాత్రమే, గ్రాఫ్ట్, సర్జరీ, కొత్త క్యాప్ ఖర్చులు మీవే.

మీ ఆరోగ్యాన్ని బట్టి

షుగర్ ఉన్నవాళ్ళు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) 7 దగ్గరికి తెచ్చుకుని రండి, 8 దాటితే నేనైతే సర్జరీ వాయిదా వేసి క్లీనింగ్‌తో నెట్టుకొస్తా. సిగరెట్ మానలేనంటే గ్రాఫ్ట్ మీద డబ్బు పోయకండి, ఫ్లాప్ వరకే. ఎముకల బలానికి అలెండ్రోనేట్ మాత్ర వారం వారం వేసుకునేవాళ్ళు, జోలెడ్రోనిక్ యాసిడ్ లేదా డెనోసుమాబ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళు, క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు అది చెప్పకుండా కుర్చీలో కూర్చోకండి, దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది. "అది కీళ్ళ డాక్టర్ ఇచ్చిందండీ, పంటికేం సంబంధం" అని చెప్పనివాళ్ళు చాలామంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు మీ అంతట మీరు ఆపేయకండి, గుండె డాక్టర్‌ని అడిగి మేం చూసుకుంటాం.

ఖర్చు వరసలో క్లీనింగ్ అన్నిటికంటే తక్కువ, తర్వాత ఫ్లాప్, తర్వాత గ్రాఫ్ట్, అన్నిటికంటే ఎక్కువ తీసేసి మళ్ళీ కొత్తది. డబ్బు ఇబ్బంది ఉంటే డెంటల్ కాలేజీల్లో పీరియోడాంటిక్స్ (చిగుళ్ళ) డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళండి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, ప్రైవేట్ కాలేజీలు జిల్లాల్లో చాలా ఉన్నాయి. టైమ్ పడుతుంది, పీజీ స్టూడెంట్ చేస్తారు, పక్కన ప్రొఫెసర్ ఉంటారు, తొందర లేకుండా చేస్తారు కాబట్టి క్లీనింగ్ విషయంలో చాలా క్లినిక్కుల కంటే నయం.

ఏది చేయించుకున్నా తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్ తప్పదు, ఆరు చోట్లా ప్రోబ్, ఏడాదికో రెండేళ్ళకో ఆర్‌వీజీ. ఇంట్లో ఇంప్లాంట్ పక్కన దూరే ఇంటర్‌డెంటల్ బ్రష్, తీగకి ప్లాస్టిక్ కోటింగ్ ఉన్నది, సైజు డాక్టర్ దగ్గర చూపించుకుని కొనండి, మరీ సన్నది అయితే గాల్లో ఊగుతుంది తప్ప ఏమీ తీయదు. మరలు బయటపడ్డ చోట మామూలు దారం ఫ్లాస్ వాడకండి, పోగులు మరల్లో చిక్కుకుని అదే కొత్త వాపుకి కారణం అవుతుంది. మొత్తం పళ్ళన్నీ నాలుగైదు ఇంప్లాంట్ల మీద బిగించుకున్నవాళ్ళు నీళ్ళు కొట్టే వాటర్ ఫ్లాసర్ ఒకటి కొనుక్కోండి, డాక్టర్ దగ్గర ఏడాదికోసారైనా ఆ సెట్ విప్పించి కింద చూపించుకోండి.

అమెరికా, గల్ఫ్ నుంచి సెలవులకి వచ్చి ఇక్కడ ఇంప్లాంట్లు వేయించుకుని వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. మూడేళ్ళకి అక్కడ చీము వస్తే అక్కడి డెంటిస్ట్ ముందు అడిగేది ఏ కంపెనీ, ఏ సైజు అని, ఎందుకంటే ఒక కంపెనీ స్క్రూ డ్రైవర్ ఇంకో కంపెనీ క్యాప్‌ని విప్పలేదు, క్యాప్ విప్పలేకపోతే సరిగ్గా కొలవడం కూడా కష్టమే. ప్రతి ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది, అది ఇవ్వమని అడిగి తీసుకోండి, క్యాప్ పెట్టిన రోజు తీసిన ఆర్‌వీజీ కూడా వాట్సాప్‌లో కాకుండా ఒరిజినల్ ఫైల్‌గా మెయిల్ చేయించుకోండి. ఇప్పటికే వేయించుకుని ఇవేవీ లేనివాళ్ళు పాత క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి, రికార్డుల్లో చాలావరకు ఉంటుంది, ఆ క్లినిక్ మూసేసే లోపు.